చెరపని లెక్క

సిరోంచ, అంకీసా, ఆసరెల్లి వైపు వింటున్నవారికీ, ప్రాణహిత అవతల చెన్నూరు వైపువారికీ, గోదావరి అవతల కాళేశ్వరం, మహదేవపూర్ వైపువారికీ అందరికీ అందే మాటలే చెప్పుకుందాం. ఈనాటి విషయం ఫంక్షనల్ ప్రోగ్రామింగ్. కంప్యూటరుకు పని చెప్పే పద్ధతుల్లో ఇది ఒకటి. పేరు కొత్తగా వినిపించినా, దీనికి మూలమైన నియమం మీ ఇంటి కాగితాల్లోనే ఉంది.

సిరోంచ తాలూకాలో భూమి ఉన్నవారికి సాత్‌బారా అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. 7వ నమూనాలో హక్కుదారు పేరు, 12వ నమూనాలో పంట వివరం ఉంటాయి. యజమాని చనిపోయి భూమి వారసుల పేర్లకు మారినప్పుడు పాత పేరును మాయం చేయరు. ఆ మార్పును ఫేర్‌ఫార్ రిజిస్టరులో ఒక నంబరుతో ఎక్కిస్తారు. పాత సాత్‌బారా కాగితాల్లో పాత పేరుకు బ్రాకెట్టు వేసి, కొత్త పేరు పక్కన ఆ నంబరు రాసేవారు. ఇరవై ఏళ్ల తర్వాత తగాదా వచ్చినా, ఆ నంబరు పట్టుకుని వెనక్కి వెళ్లవచ్చు. పాత పేరును చెరిపేస్తే ఆ కుటుంబానికి రుజువు పోయినట్టే.

కంప్యూటరు ప్రోగ్రాముల్లో చాలా కాలం జరిగింది మాత్రం చెరిపి రాయడమే. నాలుగు బండ్లలో 12, 8, 15, 5 బస్తాల వడ్లు వచ్చాయనుకోండి. మామూలు ప్రోగ్రాము ఒక పలక పెట్టుకుంటుంది. దాని మీద ముందు సున్నా రాస్తుంది. అది చెరిపి 12, అది చెరిపి 20, తర్వాత 35, చివరికి 40 రాస్తుంది. ఫంక్షనల్ పద్ధతిలో పలక లేదు. 'మొత్తం అంటే మొదటి బండి బస్తాలకు మిగతా బండ్ల మొత్తం కలపడం. బండ్లేవీ మిగలకపోతే మొత్తం సున్నా' అని నిర్వచనం మాత్రమే ఇస్తాం. జవాబు అదే 40. కానీ దారిలో ఏదీ చెరగలేదు. అవే అంకెలిస్తే ఎప్పుడైనా, ఎక్కడైనా అదే జవాబు వస్తుంది.

ఈ ఆలోచన కంప్యూటరు కంటే పాతది. అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో అలోంజో చర్చ్ అనే గణిత శాస్త్రజ్ఞుడు 1930ల్లో లాంబ్డా కాల్‌క్యులస్ అనే లెక్కల పద్ధతిని రూపొందించాడు. 1958లో జాన్ మెకార్తీ అక్కడి నుంచి కొన్ని భావాలు తీసుకుని లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషకు శ్రీకారం చుట్టాడు. ఆ మెకార్తీ దగ్గర స్టాన్‌ఫర్డ్‌లో పరిశోధన చేసి 1966లో డాక్టరేటు పొందినవారిలో మన తెలుగువాడు ఒకరున్నారు. ఆయనే చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి. ఆయన కృషి ప్రధానంగా మనిషి మాటను కంప్యూటరు గుర్తించేలా చేయడంపై సాగింది. 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్నారు. మన గోదావరి ఒడ్డునే ఉన్న బాసరలో కూడా అప్పట్లో ప్రాంగణం ఉన్న రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయానికి చాన్సలర్‌గా పనిచేశారు.

1977లో అదే పురస్కారం అందుకున్న జాన్ బేకస్ సంగతి మరీ చిత్రమైనది. చెరిపి రాసే పద్ధతికి పేరుపడ్డ ఫోర్ట్రాన్ భాషను 1957లో తెచ్చిన బృందానికి ఆయనే నాయకుడు. పురస్కారం అందుకుంటూ చేసిన ప్రసంగంలో, ఆ పద్ధతి మన ఆలోచనను కట్టిపడేస్తోందని, ఫంక్షన్ల దారి పట్టాలని వాదించాడు. 1990లో హాస్కెల్ అనే భాష వెలువడింది. స్వీడన్‌లోని ఎరిక్‌సన్ కంపెనీ టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం 1980ల్లో ఎర్లాంగ్ భాషను తయారు చేసుకుంది. అందులో ఒక పేరుకు ఒకసారి విలువ ఇస్తే మళ్లీ మార్చడానికి వీల్లేదు. మీరు రోజూ వాడే వాట్సాప్ సర్వర్లను నిర్మించింది ఆ ఎర్లాంగ్‌తోనే.

ఇంత పట్టుదల దేనికి? పలక మీద 40 ఉందనుకోండి. ఇద్దరు గుమాస్తాలు ఒకేసారి చూశారు. ఒకరు 5 కలిపి 45 రాశారు. రెండో ఆయన తాను చూసిన 40కి 10 కలిపి, 45 చెరిపి 50 రాశారు. ఉండవలసింది 55. ఒక రైతు 5 బస్తాలు లెక్కలోంచి జారిపోయాయి, తప్పు ఎవరిదో చెప్పే గుర్తు కూడా లేదు. వేలాది మంది ఒకేసారి వాడే ప్రోగ్రాముల్లో ఇలాంటి తప్పును పట్టుకోవడం మహా కష్టం. ఎవరి చీటీ వారు రాసి, చివర అన్నీ కలుపుకుంటే ఆ గొడవ లేదు. వేల యంత్రాలకు పని పంచడానికి గూగుల్ ఇంజనీర్లు 2004లో ప్రకటించిన మ్యాప్‌రెడ్యూస్ పద్ధతికి ప్రేరణ లిస్ప్‌లోని మ్యాప్, రెడ్యూస్‌లే.

అయితే ఇది సర్వరోగ నివారిణి కాదు. తెర మీద అక్షరం చూపించాలన్నా, బ్యాంకులో డబ్బు జమ చేయాలన్నా బయటి ప్రపంచంలో ఏదో ఒకటి మారక తప్పదు. అలాంటి పనులను ఒక పక్కకు చేర్చి, మిగిలిన లెక్కను శుభ్రంగా ఉంచుకోవడమే ఇక్కడి తెలివి. పాత విలువలను నిలుపుకోవడానికి ఒక్కోసారి జ్ఞాపకశక్తి కూడా ఎక్కువ ఖర్చవుతుంది.

ఉద్యోగంలో ఉన్న ప్రోగ్రామరుకు ఇది మొదట చేతులు కట్టేసినట్టుంటుంది. కారణం తెలివి తక్కువై కాదు, చెరిపే అలవాటు బలమై. అందుకని పెద్ద పేర్లతో మొదలుపెట్టవద్దు. మీకు వచ్చిన పైథాన్‌లోనో జావాస్క్రిప్ట్‌లోనో ఒక చిన్న ప్రోగ్రాము తీసుకోండి. అందులో చెరిపి రాస్తున్న ఒక్క పలకను తీసేసి, అదే జవాబు రాబట్టి చూడండి. జావా భాషలో కూడా 2014 నుంచి లాంబ్డాలు ఉన్నాయి.

ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, కంప్యూటరు ముందు ఇంగ్లీషు. సరిహద్దు పిల్లలకు ఈ మూడు మెట్లూ ఎక్కక తప్పదు. మొదటి మెట్టు మాత్రం ఇంటి భాషలోనే ఎక్కించవచ్చు. ఈ రాత్రి పాత సాత్‌బారా కాగితం తీసి, బ్రాకెట్టులో ఉన్న పాత పేరు ఎవరిదో పిల్లలకు చెప్పండి. ఆ పేరును ఎందుకు చెరపలేదో కూడా చెప్పండి. ఫంక్షనల్ ప్రోగ్రామింగ్‌లో మొదటి పాఠం అయిపోయినట్టే.