పాత బండి వేడెక్కి ఆగుతోందా? బోరు విప్పించే ముందు ఇవి చూడండి

కోనసీమలో గల్ఫ్‌కి వెళ్లినవాళ్ల ఇళ్లల్లో కవరు కప్పిన పాత బండి కనిపించడం మామూలే. రెండేళ్లకి సెలవు మీద వచ్చి కిక్ కొడితే స్టార్ట్ అవుతుంది గానీ, ఆక్సిలరేటర్ తిప్పగానే గొంతు పట్టేసినట్టు ఆగుతుంది. వదిలితే సైలెన్సర్‌లో టప్ టప్ మంటుంది. బండారులంక నుంచి అమలాపురం వెళ్లేలోపే ఇంజన్ పొయ్యిలా కాలుతుంది. "బోరు పోయింది భాయ్, విప్పాల్సిందే" అనే మాట వెంటనే వినిపిస్తుంది. చాలాసార్లు పోయింది బోరు కాదు. ఇంజన్‌కి గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ అందుతోంది. మెకానిక్‌లు దీన్నే లీన్ అంటారు.

ఒక గ్రాము పెట్రోల్ పూర్తిగా మండడానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 వచ్చాక కొత్త బండ్లు ఎక్కువగా ఫ్యూయల్ ఇంజెక్షన్‌తో వస్తున్నాయి, లెక్క వాటి కంప్యూటరే చూసుకుంటుంది. ఆర్‌ఎక్స్100, ఎజ్డీ, సీడీ100, పాత స్ప్లెండర్‌లకి ఆ సదుపాయం లేదు. జెట్‌లో ఎంత రంధ్రం ఉంటే అంతే పెట్రోల్. పైగా ఇప్పుడు పంపుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్‌కి తక్కువ గాలి చాలు కాబట్టి, అదే జెట్‌తో బండి కాస్త లీన్ వైపు జరుగుతుంది. బాగున్న బండికి ఇదొక్కటే పెద్ద దెబ్బ కాదు. జెట్ సగం మూసుకుపోయిన బండికి మాత్రం తేడా తెలుస్తుంది.

టూస్ట్రోక్ బండి ఉన్నవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఎజ్డీలాగా ట్యాంకులోనే ఆయిల్ కలిపి పోసే బండిలో పెట్రోల్ తగ్గితే ఆయిల్ కూడా తగ్గినట్టే. పిస్టన్ వేడికి వ్యాకోచించి బోరులో పట్టేస్తే వెనక చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోతుంది. ఒక పక్క కాలువ ఉన్న సన్నటి రోడ్డు మీద, వెనక పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఉన్నప్పుడు అలా జరిగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఇంజన్ గొంతు మారి, బండి ఎవరో వెనక్కి లాగుతున్నట్టు అనిపిస్తే వెంటనే క్లచ్ పట్టుకోండి.

అనుమానం తీర్చుకోవడానికి మొదటి పరీక్ష చోక్. ఇంజన్ బాగా వేడెక్కాక సగం చోక్ లాగండి. ఆగి ఆగి నడుస్తున్న బండి అప్పుడు సాఫీగా నడిస్తే అది లీన్‌గా ఉన్నట్టే. ఇంకా మొరాయిస్తే కారణం వేరే ఉంది. తర్వాత ప్లగ్ చూడాలి. లేత గోధుమ రంగు మంచిది. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే లీన్, పొడిగా నల్లటి మసి ఉంటే పెట్రోల్ ఎక్కువైంది. అయితే ఇంటిదాకా మెల్లగా వచ్చి ప్లగ్ తీస్తే ఆ రంగు మెల్లగా నడిపిన సంగతే చెబుతుంది. ఖాళీ రోడ్డు మీద కాసేపు ఒకే వేగంతో నడిపి, క్లచ్ పట్టి, ఇంజన్ ఆపి, పక్కకి తీసి, కొంచెం చల్లారాక విప్పి చూడాలి. బండికి చెప్పిన నంబరు ప్లగ్ కాకపోయినా రంగు తప్పుగానే కనిపిస్తుంది.

ఏ దశలో ఆగుతోందన్నది మెకానిక్‌కి మీరు చెప్పగలిగితే సగం పని అయినట్టే. ఐడిలింగ్‌లోనూ, ఆక్సిలరేటర్ కొద్దిగా తిప్పినప్పుడూ ఇబ్బంది అయితే పైలట్ జెట్ చూడాలి. మధ్యలో అయితే నీడిల్. ఫుల్ తిప్పితేనే చచ్చుబడితే మెయిన్ జెట్, లేదా ట్యాంకు నుంచి పెట్రోల్ సరిగ్గా దిగకపోవడం. కవరు కింద ఏళ్లు గడిపిన బండికి ఎక్కువగా పైలట్ జెట్టే మూసుకుపోతుంది. దాని రంధ్రం మరీ సన్నం, ఆరిపోయిన పెట్రోల్ జిగురులా అంటుకుంటుంది. దాన్ని ఇనప తీగతో పొడవనివ్వకండి, రంధ్రం పెద్దదైతే ఆ జెట్ ఇక పనికిరాదు. క్లీనర్, గాలి ఒత్తిడి చాలు.

నన్నడిగితే జెట్ కంటే ముందు పెట్రోల్ పైపు చూడమంటాను, ఖర్చు లేదు కాబట్టి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు పైపు కార్బురేటర్ దగ్గర ఊడదీసి, సీసాలో పెట్టి ట్యాప్ తిప్పండి. ధార ఆగకుండా రావాలి. మొదట బాగా వచ్చి సన్నబడుతుంటే ట్యాంకు మూత తెరవండి. వెంటనే ధార పెరిగితే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయింది. ఆ సీసాని కాసేపు కదపకుండా ఉంచితే అడుగున నీళ్లు విడిగా తేలతాయి. మన దగ్గరి తేమకి ట్యాంకులో తుప్పు కూడా మామూలే.

తర్వాత కార్బురేటర్‌కీ ఇంజన్‌కీ మధ్య ఉండే రబ్బరు. అది చిట్లితే అక్కడి నుంచి అదనపు గాలి లోపలికి పోతుంది. ఆక్సిలరేటర్ వదిలినా ఇంజన్ వేగం వెంటనే దిగకపోవడం దాని గుర్తు. ఇంజన్ నడుస్తుండగా సబ్బు నీళ్లు బ్రష్‌తో రాస్తే పగులు ఉన్నచోట నురగ లోపలికి పీల్చుకుంటుంది, ఐడిలింగ్ మారుతుంది. కొందరు పెట్రోలే చల్లి చూస్తారు. వేడి సైలెన్సర్ పక్కన అది నిప్పుతో ఆట.

ఎజ్డీకి రెండు సైలెన్సర్లున్నా సిలిండర్ ఒకటే. రెండు సిలిండర్లు, వేర్వేరు కార్బురేటర్లు ఉన్నది ఎస్కార్ట్స్ వాళ్లు 1983లో తెచ్చిన రాజ్‌దూత్ 350. దాంట్లో ఒక సిలిండరే లీన్ అయ్యే అవకాశం ఉంది. అయితే పక్కదానితో పోల్చి చూసుకునే వీలూ దానికే ఉంది. ఒక పక్క ప్లగ్ తెల్లగా ఉంటే రెండు ప్లగ్‌లనీ అటూ ఇటూ మార్చి నడపండి. తెలుపు ప్లగ్‌తో పాటు రెండో పక్కకి పోతే తప్పు ప్లగ్‌ది. అదే పక్క ఉండిపోతే జెట్‌లు మార్చి చూడాలి. అప్పటికీ అక్కడే ఉంటే రబ్బరో, క్రాంక్ సీలో లీకవుతోంది.

సీలు సంగతి ఆర్‌ఎక్స్100కి కూడా వర్తిస్తుంది. మాగ్నెట్ వైపు సీలు పోతే గాలి పీల్చి లీన్ అవుతుంది. గేర్ల వైపు సీలు పోతే గేర్ ఆయిల్ లాగి తెల్లటి పొగ వదులుతుంది.

కార్బురేటర్ పక్కనున్న స్క్రూ మాత్రం అన్నిటికంటే ఆఖర్న తిప్పాలి. అది ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే లోపలికి బిగించినకొద్దీ పెట్రోల్ పాలు పెరుగుతుంది. ఇంజన్ వైపు ఉంటే బిగించినకొద్దీ తగ్గుతుంది. తిప్పే ముందు ఎన్ని చుట్లు వదులుగా ఉందో లెక్కపెట్టి రాసుకోండి.