అర్హులు దొరకట్లేదట!



న్యాక్ టీమ్ వస్తోందని మా ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచి, "ఈక్విటీ కమిటీకి మీరే కన్వీనర్" అన్నారు. సంతకం పెట్టాల్సిన రిపోర్టు చదివాను. మా కాలేజీలో అందరికీ సమాన అవకాశాలున్నాయట! పర్మనెంట్ లెక్చరర్లలో దళితుణ్ణి నేనొక్కణ్ణే. ఊడ్చేవాళ్లు మాత్రం అందరూ మావాళ్లే. "మరి పోస్టుల సంగతేంటి సార్?" అన్నాను. "అర్హులు దొరకాలి కదా డాక్టర్ గారూ" అన్నారు.

ఆ మాటతో నాకు డెరిక్ బెల్ గుర్తొచ్చాడు.

1930లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో పుట్టిన నల్లజాతి న్యాయవాది. ప్రభుత్వ న్యాయ శాఖలో పనిచేస్తుంటే, నల్లవారి హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీలో సభ్యత్వం వదులుకోమన్నారు. 1959లో ఆయన ఉద్యోగాన్నే వదులుకున్నాడు. ఆ తర్వాత, బడుల్లో నల్లపిల్లల్ని వేరుపెట్టడం మీద 300కు పైగా కేసులను పర్యవేక్షించాడు. 1971లో హార్వర్డ్ లా స్కూల్‌లో టెన్యూర్, అంటే శాశ్వత పదవి, పొందిన తొలి నల్లజాతి ప్రొఫెసర్ అయ్యాడు. ఒరెగాన్ లా స్కూల్‌కి డీన్‌గా వెళ్లి, అక్కడ ఒక ఆసియన్ అమెరికన్ మహిళకు ఉద్యోగం నిరాకరించారని 1985లో ఆ పదవికి రాజీనామా చేశాడు.

మళ్లీ హార్వర్డ్. 1990 నాటికి అక్కడ 60 మంది టెన్యూర్డ్ ప్రొఫెసర్లలో నల్లజాతి పురుషులు ముగ్గురు, మహిళలు ఐదుగురు. నల్లజాతి మహిళ ఒక్కరూ లేరు. తీసుకునేదాకా జీతం వద్దని బెల్ సెలవు పెట్టాడు. ఆయనకు మద్దతుగా జరిగిన సభలో మాట్లాడిన విద్యార్థుల్లో బరాక్ ఒబామా ఒకరు. 1992లో హార్వర్డ్ సెలవు పొడిగించలేదు, ఉద్యోగం పోయింది. లానీ గినియర్ రూపంలో తొలి నల్లజాతి మహిళ అక్కడ టెన్యూర్‌తో చేరింది 1998లో. అప్పటికి బెల్ అక్కడ లేడు.

ఆయన అడిగింది దయ కాదు. అర్హత కొలిచే బద్ద ఎవరి చేతిలో ఉంది, ఎవరి కొలతలకు చేశారు అని.

మన దగ్గర ఆ బద్ద పేరు రోస్టర్. 2017లో అలహాబాద్ హైకోర్టు యూనివర్సిటీని కాదు, డిపార్ట్‌మెంటునే యూనిట్‌గా లెక్కించాలంది. 2018 మార్చిలో యూజీసీ అలాగే సర్క్యులర్ ఇచ్చింది. 13 పాయింట్ల లెక్కలో ఎస్సీ వంతు ఏడో పోస్టుకి, ఎస్టీ వంతు పద్నాలుగో పోస్టుకి. నాలుగైదు పోస్టులుండే తెలుగు శాఖలో మన వంతు ఎప్పుడొస్తుంది? ఎవరూ "దళితులకివ్వం" అనలేదు. లెక్కే ఆ పని చేసిపెట్టింది. దేశమంతా రోడ్డెక్కితే 2019లో ఆర్డినెన్స్, ఆపైన చట్టం వచ్చి, మళ్లీ యూనివర్సిటీయే యూనిట్ అయింది. ఆ చట్టం కేంద్ర విద్యాసంస్థల వరకే. ఎయిడ్ లేని ప్రైవేటు కాలేజీల్లో లెక్చరర్ పోస్టులకు ఆ లెక్క కూడా లేదు.

బెల్‌కి హార్వర్డ్ పోయినా న్యూయార్క్ యూనివర్సిటీ ఉంది. నాకు ఇంటి లోను ఉంది, ఊళ్లో అమ్మ మందులున్నాయి. ఆయనంత త్యాగం చేస్తానని మీకు అబద్ధం చెప్పను.

కానీ ఆ రిపోర్టు మీద సంతకం పెట్టలేదు. గత పదేళ్లలో ఏ పోస్టుకి ఎవరు దరఖాస్తు చేశారో, ఎవర్ని ఎందుకు కాదన్నారో జాబితా ఇవ్వమని కాగితం రాసిచ్చాను. అర్హులు దొరకలేదన్నారు కదా. ఎక్కడ వెతికారో చూద్దాం.