మెదడు కంతులు – జన్యుచిహ్నములు

కొన్ని రోగముల పేరు వినినంతనే ఇంటిల్లిపాదియు ధైర్యము కోల్పోవును. మెదడులో పుట్టు కంతులలో మిక్కిలి ఉగ్రమైన గ్లయోబ్లాస్టోమా అట్టిది. ఒకే పేరు గలదయ్యు ఈ వ్యాధి అందఱియందును ఒకే తీరుగా నడువదు. ఈ సంగతిని వైద్యులు కనుగొనిన చరిత్రమును నేను మీకు సంగ్రహముగా విన్నవించెదను.

1884వ సంవత్సరము నవంబరు 25వ తేదీన లండను నగరమున రిక్‌మన్ గాడ్లీ అను శస్త్రవైద్యుడు ఒక రోగి పుఱ్ఱె తెఱచి మెదడులోని కంతిని తీసివేసెను. ఎక్స్‌రే కిరణములైనను అప్పటికి తెలియవు. రోగికి వచ్చు ఈడ్పులను, అవయవముల బలహీనతను బట్టి హ్యూస్ బెన్నెట్ అను వైద్యుడు కంతి యున్న చోటును నిర్ణయించెను. ఆ రోగి నెలదినములలో గాయము చెడి మరణించెను. అయినను మెదడును శస్త్రము తాకవచ్చునని లోకమునకు తెలిసెను.

1926లో అమెరికాయందు పెర్సివల్ బెయిలీ, హార్వే కుషింగ్ అనువారు సూక్ష్మదర్శినిలో కణముల రూపము చూచి ఈ కంతులను తరగతులుగా విభజించిరి. 1928లో వాల్టర్ డాండీ కొందఱు రోగులకు పెద్దమెదడులో కుడి అర్ధభాగమును తీసివేసినట్లు ప్రకటించెను. అంత చేసినను కంతి మరల మొలచుచుండెను. చేనిలో గరికను పెఱికినను వేరు నిలిచియుండునట్లు, ఈ కంతి కణములు కంటికి కనబడని దూరము వఱకు ప్రాకియుండును.

ఇంకొక చిక్కు మిగిలెను. సూక్ష్మదర్శినిలో ఒకే రీతిగా కనబడు కంతులు గల ఇద్దఱిలో ఒకడు కొలది నెలలలో మరణించును. వేఱొకడు ఏండ్లు జీవించును. ఇది యేల?

2005లో ఐరోపా, కెనడా దేశముల వైద్యులు 573 మంది రోగులను పరిశీలించి ఫలితములు ప్రకటించిరి. కిరణచికిత్స మాత్రమే పొందినవారిలో సగము మంది 12.1 నెలలకు పైగా జీవించిరి. టెమొజొలొమైడ్ అను మందు కూడ పుచ్చుకొనినవారిలో సగము మంది 14.6 నెలలు దాటిరి. రెండేండ్లు దాటినవారు నూటికి 10.4 నుండి 26.5కు పెరిగిరి.

ఆ యేటనే మోనికా హేగీ మొదలగువారు మఱియొక మర్మము తెలిపిరి. మందు కంతికణముల జన్యుసూత్రమునకు గండి కొట్టును. ఎం.జి.ఎం.టి. అను జన్యువు వలన కలుగు పదార్థము ఆ గండిని పూడ్చును. కొన్ని కంతులలో ఆ జన్యువు అణగియుండును. అచ్చట మందు బాగుగా పనిచేయును. మందు పుచ్చుకొనినవారిలో ఆ జన్యువు అణగినవారు సగము మంది 21.7 నెలలు దాటగా, అణగనివారిలో సగము మంది 12.7 నెలలు మాత్రమే దాటిరి. 2008లో ఐ.డి.హెచ్. అను జన్యువున మార్పు కనుగొనబడెను. అది యున్నవారు సామాన్యముగా పిన్నవయస్కులు, హెచ్చు కాలము జీవించువారు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అట్టి కంతులకు ఆ పేరు తీసివేసి, వానిని వేఱు జాతిగా నిర్ణయించెను.

జన్యువు అనగానే వంశదోషమని కొందఱు తలంతురు. అది సరికాదు. ఈ మార్పులు సాధారణముగా ఆ కంతి కణములలోనే పుట్టినవి. తలిదండ్రుల నుండి వచ్చుట బహు అరుదు. కావున రోగి బిడ్డలకు సంబంధములు మానుకొనుట అన్యాయము. పెద్దలైన మీరు ఈ మాట ఊరివారికి చెప్పవలెను.

ఇంకొకటి. నేను చెప్పిన నెలలు సమూహమునకు చెందిన లెక్కలు. జిల్లాలో సగటు వాన ఎంతయో తెలిసినంత మాత్రమున మన చేను తడియునో లేదో తెలియదు గదా! వ్యాధిని పూర్తిగా కుదుర్చు మందు నేటికిని లేదు. అయినను కంతి ముక్కను ఈ చిహ్నములకై పరీక్షించిరా యని వైద్యుని అడుగుడు. ఆ పరీక్ష జాతకము కాదు. ఏ చికిత్స ఫలించునో తెలుపు గుఱుతు మాత్రమే.