బెజవాడ పక్కన ఏడూళ్ల దేశం

పటమట రైతుబజారులో అప్పుడే కూరగాయల మూటలు దిగుతున్నాయి. మీరు బస్టాండుకొచ్చి నందిగామ వైపు వెళ్లే పల్లెవెలుగు ఎక్కారు. కిటికీ పక్క సీటు దొరికింది. బస్సు కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కగానే ఎడమపక్క కృష్ణ, కుడిపక్క ఇంద్రకీలాద్రి. భవానీపురం, గొల్లపూడి, గుంటుపల్లి దాటాక ఇబ్రహీంపట్నంలో థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు కనిపిస్తాయి. అవతల కొండపల్లి కొండలు. ఆ కొండల మీది కోటను ఒక్కసారి గుర్తుపెట్టుకోండి, దానితో మళ్లీ పని ఉంది.

మూలపాడు దాటాక కండక్టరు ‘పరిటాల, పరిటాల’ అని కేకేశాడు. దిగండి. రోడ్డు పక్కన 135 అడుగుల ఆంజనేయస్వామి నిలబడి ఉన్నాడు. 2003లో ప్రతిష్ఠించిన విగ్రహం. హైదరాబాదు వెళ్లే కార్లు ఇక్కడ ఆగుతాయి, జనం తలెత్తి దణ్ణం పెట్టుకుంటారు, ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. మీరూ దణ్ణం పెట్టుకోండి. కానీ వెంటనే బస్సెక్కొద్దు, ఊళ్లోకి నడవండి. మీరిప్పుడు నిలబడ్డ నేల ఒకప్పుడు చిన్న దేశం. దానికో అధ్యక్షుడు కూడా ఉన్నాడు.

కాలాన్ని 1947 మొదటికి తిప్పుదాం. రోడ్డు సన్నబడింది, లారీల మోత పోయింది, ఎడ్లబండి చక్రాల కిర్రు మాత్రం వినిపిస్తోంది. ఇబ్రహీంపట్నం నుంచి వస్తుంటే అంతవరకూ మద్రాసు రాజధాని, బ్రిటిష్‌వాళ్ల పాలన. ఊళ్లో అధికారులంటే మునసబు, కరణం. పరిటాల పొలిమేరలో అడుగుపెట్టగానే నిజాం రాజ్యం. అక్కడి భాషలో పటేల్, పట్వారీ. సర్కారు కాగితాలు ఉర్దూలో. ఇంకాస్త ముందుకెళ్లి కంచికచర్ల చేరితే మళ్లీ మద్రాసు. విస్తట్లో అన్నం మధ్య నేతిగుంటలా, కృష్ణా జిల్లా నడుమ హైదరాబాదు సంస్థానపు ముక్క. పరిటాల, గని ఆత్కూరు, బత్తినపాడు, మొగులూరు, ఉస్తేపల్లి, కొడవటికల్లు, మల్లవల్లి, మొత్తం ఏడూళ్లు.

చేతిలోకి ఒక నిజాం రూపాయి తీసుకుని వెలుగులో పట్టి చూడండి. దాన్ని హాలీ సిక్కా అంటారు. వెండి బిళ్ల మీద రాజు బొమ్మ ఉండదు, చార్మినార్ ఉంటుంది. నాలుగు మీనార్లూ, మధ్యలో కమానూ స్పష్టంగా తెలుస్తాయి. ఆ కమాను లోపల ఒక్కటే ఒక్క అక్షరం, ఉర్దూ ‘ఐన్’. అప్పటి నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరులో ‘ఉస్మాన్’కు మొదటి అక్షరమది. బ్రిటిష్ రూపాయిని కల్దారు అనేవాళ్లు. దాదాపు ఆరు కల్దార్లకు ఏడు హాలీ రూపాయలు. నిజాముకు సొంత నాణెమే కాదు, సొంత తపాలా బిళ్లలూ, సొంత సైన్యమూ, సొంత రైల్వే కూడా ఉండేవి.

ఇంతకీ ఈ ఏడూళ్లు ఆయనకెందుకు మిగిలాయి? జవాబు నేలలోనే ఉంది. 1765లో మొగలు చక్రవర్తి షా ఆలం ఈ కొండపల్లి సీమతో సహా ఉత్తర సర్కారులను ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాడు. మరుసటేడు కంపెనీ తరఫున జనరల్ కాలియాడ్ కొండపల్లి కోట పట్టుకున్నాడు. అదే 1766 నవంబరులో నిజాం అలీఖాన్ కంపెనీతో ఒప్పందం చేసుకున్నాడు. జిల్లాలకు జిల్లాలు వదులుకున్నాడు గానీ, వజ్రాల గనులూ వాటికి చెందిన ఊళ్లూ తనవేనని అందులో రాయించుకున్నాడు. గని ఆత్కూరు పేరులోనే ఆ గని ఇప్పటికీ ఉంది. లూవ్ర్ మ్యూజియంలో ఉన్న రీజెంట్ వజ్రం కొల్లూరు గనిలో దొరికిందని ఎక్కువమంది రాశారు. పాత ఇంగ్లీషు పుస్తకాల్లో కొన్ని మాత్రం పరిటాల పేరు చెబుతాయి. మద్రాసు గవర్నరు థామస్ పిట్ కొన్నప్పుడు దాని బరువు 410 కారట్లు. కోత పెట్టాక 140 చిల్లర మిగిలింది. 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధి కొన్నాడు, తర్వాత నెపోలియన్ కత్తిపిడికి చేరింది. గనులు ఎప్పుడో మూతబడ్డాయి. ఒప్పందం మాత్రం అలాగే ఉండిపోయింది, దాంతోపాటు ఆ ఊళ్ల తలరాతా ఉండిపోయింది. ఎవరో తవ్వుకుపోయిన రాళ్ల కోసం నాగలి పట్టే రైతు దాదాపు నూట ఎనభై ఏళ్లు పరాయి రాజ్యపు పౌరుడిగా బతికాడు. తల్చుకుంటే నాకు కడుపు రగిలేది ఇక్కడే.

1947 ఆగస్టు 15. చుట్టూ ఉన్న ఊళ్లలో మూడు రంగుల జెండాలు ఎగిరాయి. బెజవాడలో పండగ. పరిటాలలో నిలబడి చూస్తే పొలం గట్టుకు అవతల స్వాతంత్ర్యం, ఇవతల లేదు. నిజాం భారతదేశంలో కలవనన్నాడు. తెలంగాణ పల్లెల మీద నిజాం పక్షాన కాశిం రజ్వీ నడిపిన రజాకార్ల దళాలు పడ్డాయి. ఇల్లూ వాకిలీ వదిలి సరిహద్దు దాటి కృష్ణా జిల్లాకు వస్తున్న కుటుంబాలను ఈ రోడ్డు చూసింది. ఆ నెలల్లోనే ఏడూళ్ల జనం తెగించారు. మాకు నిజాం పాలన వద్దని ప్రకటించి, మాడపాటి రామచంద్రరావు అధ్యక్షుడిగా పరిటాల రిపబ్లిక్ పెట్టుకున్నారు.

ఆ సమయానికి భారతదేశం రిపబ్లిక్ కాదు, ఒక డొమినియన్. రాజ్యాంగం ఇంకా రాస్తున్నారు. కాగితం మీద ఆరో జార్జే మనకూ రాజు. బెజవాడలో ఉన్నవాడికి రాజున్నాడు, ముప్పై కిలోమీటర్ల అవతల పరిటాలలో ఉన్నవాడికి అధ్యక్షుడున్నాడు. వరి, మిరప, పొగాకు పండించే జనం దిల్లీ కంటే ముందే రాజు లేని పాలన తెచ్చుకున్నారంటే గర్వంగా ఉండదూ? మన పిల్లలు పాఠాల్లో వాటికన్, శాన్ మరీనో గురించి చదువుతారు. వాటికన్ అర చదరపు కిలోమీటరు కూడా లేదు. శాన్ మరీనో 61 చదరపు కిలోమీటర్లు, చుట్టూరా ఇటలీయే. పరిటాలకూ చుట్టూరా ఒకే దేశం. కాకపోతే శాన్ మరీనో విడిగా మిగలాలనుకుంది, మిగిలింది. పరిటాల భారతదేశంలో కలవడానికే విడిపోయింది. ఏ దేశమూ దాన్ని గుర్తించలేదు. గుర్తించమని ఆ ఊళ్లూ లోకం చుట్టూ తిరగలేదు.

1948 సెప్టెంబరు 13 తెల్లవారుజాము. విజయవాడ వైపు నుంచి మేజర్ జనరల్ రుద్ర నడిపిన భారత సైన్య దళం హైదరాబాదు దారిలో కోదాడ మీదికి కదిలింది. పదిహేడో తేదీకి నిజాం లొంగిపోయాడు. పరిటాల అప్పటికే ఆయన చెయ్యి విదిలించుకుని ఉంది. 1950 జనవరిలో, రాజ్యాంగం అమల్లోకి రావడానికి కాస్త ముందు, ఒక రాష్ట్రం కడుపులో చిక్కుకున్న మరో రాష్ట్రపు ముక్కలను సర్దుతూ కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. దాంతో ఏడూళ్లూ కృష్ణా జిల్లాలోకి వచ్చాయి.

ఇదే రోడ్డు మీద నందిగామ, జగ్గయ్యపేట, కోదాడ దాటితే మునగాల వస్తుంది. అక్కడి కథ దీనికి తలకిందులు. నిజాం రాజ్యం మధ్యలో కృష్ణా జిల్లా ముక్క అది. చరిత్రకారుడు కొమర్రాజు లక్ష్మణరావు దివానుగా పనిచేసిన జమీ. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక గానీ దాన్ని నల్గొండ జిల్లాలో కలపలేదు. మధ్యాహ్నానికి అక్కడికి చేరుకోవచ్చు. కండక్టరు పిలుస్తున్నాడు, ఎక్కండి.