మధూచ్ఛిష్టం – ఒక చెక్కపట్టె కథ

మైనానికి సంస్కృతంలో ‘మధూచ్ఛిష్టం’ అని పేరు. మధువు యొక్క ఉచ్ఛిష్టం, అనగా తేనె తీసుకోగా మిగిలినది. శిల్పశాస్త్రగ్రంథమైన మానసారంలో మైనపు బొమ్మ చేసి, దానిపై మన్ను మెత్తి, మైనం కరిగించి లోహం పోసే పద్ధతిని వివరించే అధ్యాయానికి ‘మధూచ్ఛిష్ట విధానం’ అనే పేరుంది. పిల్లలకు షష్ఠీతత్పురుషం చెప్పేటప్పుడు ఈ మాటను ఉదాహరణగా ఇచ్చేవాణ్ణి. ఉద్యోగవిరమణ తరువాత పెరట్లో తేనెటీగలను పెట్టుకోవాలని పుస్తకాలు తిరగేస్తుంటే, తేనెపెట్టెల చరిత్రలో సగం ఈ ‘మిగిలిన’ వస్తువు చుట్టూనే తిరిగిందని బోధపడింది. ఆ ముచ్చటే ఈ టపా.

ముందు ఈగల సంగతి. సుశ్రుతుడు పౌత్తికం, భ్రామరం, క్షౌద్రం, మాక్షికం, ఛాత్రం, ఆర్ఘ్యం, ఔద్దాలకం, దాలం అని తేనెను ఎనిమిది విధాలుగా చెప్పాడు. వీటిలో ఔద్దాలకం పుట్టల్లో ఉండే కీటకాలు చేర్చే తేనె. మన పల్లెల్లో ‘పుట్టతేనె’ అనే మాట వినగానే నాకు ఔద్దాలకమే గుర్తుకు వస్తుంది. ఖమ్మం – భద్రాచలం అడవి అంచున ప్రధానంగా మూడు జాతుల తేనెటీగలు కనిపిస్తాయి. ఎత్తైన చెట్టుకొమ్మకో కొండచరియకో చేటంత తుట్టెను ఒక్కటే వేలాడదీసేది కొండతేనె ఈగ. పొదలో అరచేయంత పట్టు పెట్టేది చిన్న ఈగ. చెట్టుతొర్రలోనో, పుట్టలోనో, పాతగోడ బొక్కలోనో చీకట్లో వరుసగా అనేక తుట్టెలు కట్టుకునేది పుట్టతేనె ఈగ. మొదటి రెండూ వెలుతురులో ఒంటితుట్టె కట్టేవి గనుక పెట్టెలో నిలవవు. మన దేశపు జాతుల్లో పెట్టెకు ఒదిగేది ఆ మూడవదే.

ఈ ప్రాంతపు తేనె చరిత్ర అధికభాగం కొండతేనె చరిత్రే. భద్రాచలం సీమ 1860లో నిజాము నుంచి ఆంగ్లేయుల చేతికి వచ్చి, 1874లో గోదావరి జిల్లాలో కలిసింది. 1882 నాటి మద్రాసు అటవీచట్టంతో అడవి సర్కారుదైంది. గోదావరికి అవతలి పాల్వంచ వైపు నిజాము ఏలుబడి సాగింది. ఏలికలు మారినా కోయలు, కొండరెడ్లు చెట్టెక్కి తేనె తీయడం మారలేదు. 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. 1959లో భద్రాచలం ఖమ్మం జిల్లాలో చేరింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో చిన్నతరహా అటవీ ఫలసాయపు వ్యాపారాన్ని నియంత్రిస్తూ 1979లో వచ్చిన రెగ్యులేషనుతో కొనుగోలు హక్కు ఆ సంస్థకే దక్కింది. 2006 అటవీహక్కుల చట్టం తేనెనూ మైనాన్నీ పేరు పెట్టి మరీ అటవీ ఫలసాయంలో చేర్చింది. అంటే మధూచ్ఛిష్టానికి కూడా చట్టంలో చోటు దొరికిందన్నమాట.

హక్కు ఒక ఎత్తు, తీసే పద్ధతి మరొక ఎత్తు. కొండతేనె తుట్టెలో తేనె కొమ్మకు ఆనుకున్న పైభాగంలో ఉబ్బెత్తుగా ఉంటుంది. కింది భాగమంతా పిల్లలు. మంటతో ఈగలను కాల్చి తుట్టె మొత్తం కోసి పిండితే తేనెతోబాటు పిల్లల రసమూ దిగుతుంది. ఆ తేనె త్వరగా పులుస్తుంది, ఆ గుంపూ నశిస్తుంది. పొగ మాత్రమే పట్టి, తేనె ఉన్న భాగం వరకే కోసి, పిల్లలున్న భాగాన్ని వదిలితే ఈగలు మళ్ళీ కట్టుకుంటాయి. విశాఖపట్నంలోని కోవెల్ ఫౌండేషన్ వంటి సంస్థలు గిరిజనులకు నేర్పిన విధానం ఇదే. చర్ల దారిలో ఒక కోయ పెద్దాయనను ఈ విషయమే అడిగాను. “పైముక్కే కొయ్యాలని మా తాతలకూ ఎరికే సారూ. సంతలో కొనేటోడు బరువు చూసిండు గాని, లోపల ఏముందో చూసిండా?” అన్నాడు. కొత్తపంటను ‘పండుం’ చేయనిదే ముట్టని జనానికి తీసుకోవడంలో హద్దు తెలియదని ఎలా అనగలం? హద్దుకు ధర లేకపోవడమే అసలు చిక్కు.

ఇక పెట్టెల కథ. తుట్టెను విరవకుండా తేనె తీయడమెలా అన్న ప్రశ్నకు లోకంలో రెండు జవాబులు వచ్చాయి. పాతది గ్రీసు దేశపుది. 1682లో అచ్చయిన తన యాత్రాగ్రంథంలో జార్జ్ వీలర్ అనే ఆంగ్లేయుడు అక్కడి బుట్టలను వర్ణించాడు. పైన విశాలంగా, కింద ఇరుకుగా ఉండే బుట్ట. దాని నోటిపై వరుసగా చెక్కపట్టెలు. ఒక్కొక్క పట్టెకు ఈగలు ఒక్కొక్క తుట్టె కడతాయి. పట్టెను ఎత్తితే తుట్టె దానితో లేస్తుంది, పక్కది చెదరదు.

రెండవది అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ 1851లో కనిపెట్టి, 1852లో పేటెంటు పొందిన చట్రాల పెట్టె. నాలుగువైపులా చట్రం, చుట్టూ ఈగ నడిచేటంత సందు. ఆ పై 1857లో మేరింగ్ మైనపు పలకలను, 1865లో హ్రుష్కా తుట్టె చెడకుండా గిరగిర తిప్పి తేనె తీసే యంత్రాన్ని తెచ్చారు. ఇక్కడ మైనం ఉచ్ఛిష్టం కాదు, పెట్టుబడి. కట్టిన తుట్టెను ఈగలకే తిరిగి ఇస్తారు కాబట్టి అవి మైనానికి ఖర్చుపెట్టే శ్రమ తేనెకు మళ్ళుతుంది.

మన దక్షిణదేశానికి ఈ రెండవ జవాబే ముందు వచ్చింది. 1911–17 నడుమ తిరుచిరాపల్లి ప్రాంతంలో ఫాదర్ న్యూటన్ పుట్టతేనె ఈగకు తగినట్టు చట్రాలను కుదించి ఒక పెట్టె తయారుచేసి, పల్లెవాసులకు నేర్పాడు. దానికి ఆయన పేరే నిలిచింది. 1928లో వ్యవసాయంపై రాయల్ కమిషన్ తేనెటీగల పెంపకాన్ని కుటీరపరిశ్రమగా సిఫారసు చేసింది. 1934లో గాంధీజీ స్థాపించిన గ్రామోద్యోగ సంఘం, తరువాత ఖాదీ కమిషను దాన్ని చేపట్టాయి. మనకు చేరువలో విజయరాయిలో తేనెటీగల పరిశోధన సాగింది. ఇంతలో 1991–92లో థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ వ్యాధి కేరళ, కర్ణాటక, తమిళనాడుల మీదుగా వ్యాపించింది. పిల్లపురుగులు నీటిసంచుల్లా ఉబ్బి చచ్చేవి. మందు లేని రోగం. వేలాది పుట్టతేనె పెట్టెలు ఖాళీ అయ్యాయి. 1962లో హిమాచల్‌లోని నగ్రోటాలో నిలదొక్కుకున్న ఐరోపా ఈగ ఆ తరువాతే దక్షిణాన విరివిగా వ్యాపించింది. అది ఎక్కువ తేనె ఇస్తుంది. కానీ పూలవెంట పెట్టెలను లారీలో ఊరూరా తిప్పగలవాడికే గిట్టుబాటు.

మరి అడవి అంచున రెండెకరాల రైతుకో, పెరడున్న పంతులుకో దారేది? ఇక్కడే గ్రీకుల పట్టె మళ్ళీ పనికి వచ్చింది. 1970ల తొలినాళ్ళలో కెనడాకు చెందిన గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయం వారు కెన్యాలో పట్టెల పెట్టెను రూపొందించారు. పొడుగ్గా తొట్టిలా ఉంటుంది. పక్కపలకలు కిందికి లోపలివైపు వాలుతాయి. ఆ వాలు తుట్టె సహజంగా వేలాడే ఆకారానికి దగ్గర కాబట్టి ఈగలు తుట్టెను గోడకు అంతగా అతికించవు. చట్రాలు అక్కరలేదు, మైనపు పలకలు అక్కరలేదు, యంత్రమూ అక్కరలేదు. ప్రతి పట్టె అడుగున నడుమ సన్నని మైనపు గీత గీస్తే చాలు, ఈగలు అక్కడి నుంచి కట్టుకుంటూ దిగుతాయి. పిల్లలు సాధారణంగా ద్వారం వైపు, తేనె దూరపు పట్టెలకు. చివరి పట్టె ఎత్తి తుట్టె కోసుకుని గుడ్డలో వడకట్టుకోవడమే.

మా వీధి వడ్రంగి చేత ఇలాంటిదొకటి చేయించాను. కొత్తగా మొదలుపెట్టే మిత్రులకు ముఖ్యమైనది పట్టె వెడల్పు. కెన్యావారి 32 మిల్లీమీటర్లు ఆఫ్రికా ఈగ కొలత. మన పుట్టతేనె ఈగ అంతకంటె చిన్నది. మీ ఊరి తొర్రలోనో గోడలోనో ఉన్న తుట్టెల మధ్యరేఖల నడుమ దూరాన్ని కొలిచి అదే వెడల్పు పెట్టాలి. లేకుంటే రెండు పట్టెలకు కలిపి ఒకే తుట్టె కట్టేస్తాయి, పెట్టె ప్రయోజనమే పోతుంది. కాళ్ళకింద నీటిగిన్నెలు పెడితే చీమలు రావు. కొత్త తుట్టె చాలా మెత్తన. పట్టెను నిలువుగానే ఎత్తాలి, పక్కకు వాల్చితే ఊడిపడుతుంది. వానాకాలం పూలు తగ్గినప్పుడు చక్కెరపాకం పెట్టకుంటే ఈ ఈగ ఇల్లు విడిచి పోతుంది. పక్క చేలో మిర్చికో పత్తికో మందు కొట్టే రోజు ముందే తెలుసుకోవాలి.

ఈ పెట్టెలో తేనె తక్కువే వస్తుంది. తుట్టె కోసిన ప్రతిసారీ ఈగలు కొత్తది కట్టాలి గదా! కానీ మైనం మనకు మిగులుతుంది. మొదటి ఏడు నాకు రెండు పట్టెల తేనె, నిమ్మకాయంత మైనపు ముద్ద వచ్చాయి. నా లెక్కలో ఆ పట్టె విలువ తేనెలో లేదు. చెట్టుమీద కోయ పెద్దలు పాటించదలచిన హద్దును అది చెక్కలో గీసి పెట్టింది: ఇది పిల్లలది, ఇది నీది. అడవికి ఆనుకున్న ఊళ్ళలో ఇలాంటి పెట్టెలు ఇంటికొకటి ఉంటే, సంతలో శుభ్రమైన తేనె రుచి ఏమిటో కొనేవాడికీ తెలుస్తుంది. అప్పుడు కొండతేనె పైముక్కకూ తగిన ధర పలుకుతుందని నా ఆశ.

చివరగా ఒక విన్నపం. తేనె తీసిన తరువాత మిగిలే పిప్పికి, పిల్లలున్న తుట్టెముక్కకు మీ మీ ఊళ్ళలో ఏ మాట వాడతారో వ్యాఖ్యలలో తెలుపగలరు. నిఘంటువుల్లో దొరకని మాటలు మీ పెద్దల నోళ్ళలో ఉంటాయని నా నమ్మకం.

స్వస్తి.