రొమ్ము కాన్సర్ పరీక్షలు: లాభమెంత? నష్టమెంత?

గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవద్దని మన పెద్దలు చెబుతారు. జబ్బుల విషయంలో ఈ మాటను ఎవరూ కాదనరు. కాన్సర్ విషయంలో అసలే కాదనరు. అయినా రొమ్ము కాన్సర్‌ను ముందుగా పసిగట్టే పరీక్షల గురించి వైద్యులూ, గణాంక శాస్త్రజ్ఞులూ 50 ఏళ్లకు పైగా వాదించుకుంటూనే ఉన్నారు. ముందుగా కనుక్కోవడం మంచిదే అయినప్పుడు ఈ వాదం ఎందుకు? ఆ సంగతి తెలియాలంటే ఈ పరీక్షల చరిత్రను ఒకసారి తిరగెయ్యాలి.

అంతకుముందు ఒక తేడా గుర్తుంచుకోండి. రొమ్ములో గడ్డ తగిలిందని వచ్చిన స్త్రీకి చేసే పరీక్ష వేరు. ఏ బాధా లేకుండా, ఆరోగ్యంగా తిరుగుతున్న వేలాది స్త్రీలను పిలిచి చేసే పరీక్ష వేరు. ఈ రెండోదాన్నే స్క్రీనింగ్ అంటారు. ధాన్యాన్ని జల్లెడ పట్టినట్లుగా, జనాన్ని జల్లెడ పట్టడం అన్నమాట. మనం ఇక్కడ మాట్లాడుకునేది ఈ జల్లెడ గురించే.

బెర్లిన్‌లో మొదలైన కథ

రాంట్‌జెన్ 1895లో ఎక్స్ కిరణాలను కనుగొన్నాడు. 1913లో బెర్లిన్ నగర శస్త్రవైద్యుడు ఆల్బర్ట్ సాలమన్, శస్త్రచికిత్సలో తొలగించిన సుమారు 3,000 రొమ్ములను ఎక్స్ కిరణాలతో ఫోటోలు తీశాడు. ఆ నీడలను కోసిన కణజాలంతో పోల్చి చూశాడు. కాన్సర్ కణితి నీడ మామూలు కణజాలపు నీడలా ఉండదని గ్రహించాడు. కాని యూదుడైన సాలమన్‌ను నాజీలు నిర్బంధ శిబిరంలో పెట్టారు. ఆయన ఎలాగో బయటపడి నెదర్లాండ్స్ చేరాడు.

1949లో ఉరుగ్వే దేశపు వైద్యుడు రాల్ లెబోర్న్ రొమ్మును అదిమిపట్టి ఫోటో తీస్తే బొమ్మ స్పష్టంగా వస్తుందని చూపాడు. ఇసుక రేణువుల్లా కనిపించే సున్నపు చుక్కలకూ కాన్సర్‌కూ సంబంధం ఉందని కూడా గుర్తించాడు. 1960 నాటికి అమెరికాలోని హూస్టన్‌లో రాబర్ట్ ఈగన్, ఏ ఆసుపత్రిలోనైనా ఒకే తీరున చేయగల పద్ధతిని రూపొందించాడు. చేతికి తగలని కణితి కూడా కంటికి కనిపించే రోజు వచ్చింది. ఈ పరీక్షకే మామోగ్రఫీ అని పేరు.

అప్పటికి కాన్సర్ గురించి వైద్యుల ఊహ ఎలా ఉండేదో చూడండి. కణితి మొదట రొమ్ములో పుడుతుంది, తర్వాత చంకలోని లింఫు గ్రంథులకు పాకుతుంది, అక్కడి నుంచి ఒళ్లంతా వ్యాపిస్తుంది. మెట్టు మెట్టుగా, వరస తప్పకుండా సాగుతుందని అనుకునేవారు. అమెరికన్ శస్త్రవైద్యుడు విలియం హాల్‌స్టెడ్ 19వ శతాబ్దం చివర్లో రొమ్మునూ, దాని కింది కండరాలనూ, చంకలోని గ్రంథులనూ కలిపి తొలగించే పెద్ద శస్త్రచికిత్సను ప్రచారంలోకి తెచ్చింది ఈ ఊహ మీదనే. ఎంత ముందు కనుక్కుంటే అంత మేలన్న ఆశ కూడా ఈ ఊహ మీదనే నిలబడింది.

న్యూయార్క్ ప్రయోగం

ఆశ ఉంటే చాలదు, రుజువు కావాలి. రుజువు చేయడం అనుకున్నంత తేలిక కాదు. ఒక ఉదాహరణ తీసుకోండి. ఇద్దరు స్త్రీలు ఒకే రకం కాన్సర్‌తో 60వ ఏట చనిపోయారనుకుందాం. మొదటామెకు 57వ ఏట గడ్డ చేతికి తగిలింది. జబ్బు తెలిశాక ఆమె మూడేళ్లు బతికింది. రెండో ఆమెకు 53వ ఏటనే ఎక్స్‌రేలో బయటపడింది. ఆమె ఏడేళ్లు బతికింది. పైకి చూస్తే ఎక్స్‌రే వల్ల నాలుగేళ్లు కలిసివచ్చినట్లు కనిపిస్తుంది. నిజానికి ఆయుష్షు ఒక్క రోజు కూడా పెరగలేదు. జబ్బుతో బతుకుతున్నానని తెలిసిన కాలం మాత్రమే పెరిగింది.

కాబట్టి జబ్బు తెలిశాక ఎన్నేళ్లు బతికారని లెక్కిస్తే మోసపోతాం. పరీక్షలకు పిలిచిన వర్గంలో ఎంతమంది చనిపోయారు, పిలవని వర్గంలో ఎంతమంది చనిపోయారు అని పోల్చాలి. రెండు వర్గాలూ అన్ని విధాలా సమానంగా ఉండాలి.

అలాంటి మొదటి పెద్ద ప్రయోగం 1963 డిసెంబరులో న్యూయార్క్‌లో ఒక ఆరోగ్య బీమా పథకంలోని సభ్యులతో మొదలైంది. దాన్ని నడిపినవారు గణాంక శాస్త్రజ్ఞుడు శామ్ షపీరో, ఎక్స్‌రే నిపుణుడు ఫిలిప్ స్ట్రాక్స్, శస్త్రవైద్యుడు లూయీ వెనెట్. 40 నుంచి 64 ఏళ్ల వయసుగల సుమారు 62,000 మందిని రెండు వర్గాలు చేశారు. ఒక వర్గాన్ని ఏటా ఎక్స్‌రేకూ, వైద్యుల చేతి పరీక్షకూ పిలిచారు. రెండో వర్గాన్ని మామూలు వైద్యానికే వదిలేశారు. పిలిచినవారిలో సుమారు మూడోవంతు మంది రానేలేదు. అయినా వారిని కూడా పిలిచిన వర్గంలోనే లెక్కించారు. పిలవగానే వచ్చేవారు సాధారణంగా చదువూ, ఆరోగ్య శ్రద్ధా ఎక్కువున్నవారు. వారిని మాత్రమే లెక్కిస్తే పోలిక చెడిపోతుంది గదా!

మొదటి పదేళ్ల లెక్కల్లో, పిలిచిన వర్గంలో రొమ్ము కాన్సర్ మరణాలు సుమారు 30 శాతం తక్కువని తేలింది. ముందుగా కనుక్కోవడం వల్ల ప్రాణాలు దక్కుతాయనడానికి ఇది మొదటి గట్టి రుజువు.

ఇక ఉత్సాహం పొంగింది. 1973లో అమెరికాలో సుమారు 2,80,000 మంది స్త్రీలకు పరీక్షలు చేసే పథకం మొదలైంది. 1974లో అధ్యక్షుడి భార్య బెట్టీ ఫోర్డ్ తన రొమ్ము కాన్సర్ సంగతి దాచకుండా చెప్పడంతో స్త్రీలు పరీక్షా కేంద్రాల ముందు బారులు తీరారు. 1976లో జాన్ బెయిలర్ అనే వైద్యుడు ఒక ప్రశ్న వేశాడు: యవ్వనంలో ఉన్న స్త్రీలకు ఏటా ఇచ్చే ఎక్స్ కిరణాలే కొందరికి కాన్సర్ తెచ్చిపెడితే? ఆ ప్రశ్న మేలే చేసింది. 50 ఏళ్లలోపు వారికి పరీక్షలు తగ్గించారు. యంత్రాల్లో కిరణాల మోతాదు కూడా తగ్గుతూ వచ్చింది. స్వీడన్‌లో 1977లో మొదలైన ప్రయోగం ఎక్స్‌రే ఒక్కటే వాడి, 1985లో దాదాపు 31 శాతం తగ్గుదలను ప్రకటించింది. బ్రిటన్ 1988లో దేశవ్యాప్త పథకం ప్రారంభించింది.

కెనడా లేవనెత్తిన సందేహం

కెనడాలో 1980లో మరో పెద్ద ప్రయోగం ఆరంభమైంది. ఆంథొనీ మిల్లర్ నాయకత్వంలో దాదాపు 90,000 మంది స్త్రీలు ఇందులో పాల్గొన్నారు. సగం మందికి ఎక్స్‌రే తీశారు, సగం మందికి తీయలేదు. 50 ఏళ్లు దాటిన వారికైతే రెండు వర్గాల్లోనూ శిక్షణ పొందినవారు ఏటా చేతితో పరీక్ష చేశారు.

25 ఏళ్లు గమనించి 2014లో వెల్లడించిన లెక్కలు ఇవి. ఎక్స్‌రే వర్గంలో రొమ్ము కాన్సర్‌తో చనిపోయినవారు 500 మంది, రెండో వర్గంలో 505 మంది. అంటే తేడా దాదాపు లేదు. మరో అంకె ఇంకా ఆశ్చర్యకరమైనది. పరీక్షలు జరిగిన అయిదేళ్లలో ఎక్స్‌రే వర్గంలో 666 కాన్సర్లు, రెండో వర్గంలో 524 కాన్సర్లు బయటపడ్డాయి. తేడా 142. ముందుగా కనుక్కున్నందువల్లే ఈ తేడా వస్తే, కొన్నేళ్లకు రెండో వర్గంలోనూ అవి బయటపడి లెక్క సరిపోవాలి. కాని 15 ఏళ్లు గడిచినా 106 కాన్సర్ల తేడా అలాగే మిగిలింది.

ఆ కాన్సర్లు ఏమయినట్లు? శాస్త్రజ్ఞుల జవాబు ఇది: కొన్ని కణితులు ఎంతో నెమ్మదిగా పెరుగుతాయి, కొన్ని అసలు పెరగవు. ఆ స్త్రీ వేరే కారణంతో కన్నుమూసే దాకా అవి బయటపడవు. ఎక్స్‌రే తీయకపోతే వాటి ఉనికే తెలిసేది కాదు. తీసినందువల్ల తెలిసింది, తెలిసినందువల్ల శస్త్రచికిత్స, రేడియేషన్, మందులు తప్పలేదు. దీన్నే అతినిర్ధారణ అంటారు. గోరు కూడా అక్కరలేని చోట గొడ్డలి దించడమన్నమాట. పాల నాళాల గోడ దాటని తొలిదశ కణాల విషయంలో ఈ చిక్కు మరీ ఎక్కువ. మామోగ్రఫీకి ముందు అరుదుగా కనిపించిన ఈ దశ, తర్వాత పరీక్షల్లో తరచుగా బయటపడసాగింది. అందులో ఏది ముదురుతుందో, ఏది అలాగే ఉండిపోతుందో ముందుగా కచ్చితంగా చెప్పలేరు. అంటే కాన్సర్ అన్నివేళలా మెట్టు మెట్టుగా ఎక్కదు. కొన్ని మొదటి మెట్టు మీదే కూర్చుంటాయి. కొన్ని మనం చూసేలోగానే పైమెట్టుకు చేరతాయి.

కెనడా ప్రయోగాన్ని అందరూ ఒప్పుకోలేదు. ఎక్స్‌రే ఫోటోల నాణ్యత బాగాలేదనీ, స్త్రీలను వర్గాలుగా విడదీసిన తీరు సరికాదనీ విమర్శించారు. డెన్మార్క్ శాస్త్రజ్ఞులు గోట్షే, ఓల్సెన్ 2000లో పాత ప్రయోగాల్లో చాలావాటిలోనే లోపాలున్నాయని వాదించి మరింత దుమారం లేపారు. చివరికి బ్రిటన్‌లో మైకేల్ మార్మట్ అధ్యక్షతన ఒక స్వతంత్ర సంఘం రెండు పక్షాల సాక్ష్యాలనూ పరిశీలించి 2012లో తన అంచనా చెప్పింది. 50 ఏళ్ల వయసున్న 10,000 మంది స్త్రీలను 20 ఏళ్లపాటు పరీక్షలకు పిలిస్తే 43 మంది రొమ్ము కాన్సర్ మరణం నుంచి తప్పించుకుంటారు. 129 మందికి అతినిర్ధారణ జరుగుతుంది.

ఈ రెండు అంకెల దగ్గర కాసేపు ఆగండి. లాభం పొందేది ఒకరు, నష్టపోయేది మరొకరు. ఎవరు ఏ పక్షమో ఏ వైద్యుడూ చెప్పలేడు. వారికి వారికే తెలియదు. అనవసరంగా చికిత్స పొందిన 129 మందిలో ప్రతి ఒక్కరూ తాము ఆ 43 మందిలో ఉన్నామనే నమ్ముతారు. కాబట్టి ఫలానా ఆమెను పరీక్ష కాపాడిందన్న మాట ఎంత నిజాయితీగా చెప్పినా రుజువు కాదు. లెక్కల్లోనే నిజం బయటపడుతుంది. వీటికి తోడు ఉత్తుత్తి హెచ్చరికలు కూడా ఉన్నాయి. బ్రిటన్‌లో పరీక్షకు వెళ్లిన ప్రతి 100 మందిలో సుమారు నలుగురిని మళ్లీ రమ్మంటారు. ఆ నలుగురిలో కాన్సర్ తేలేది ఒకరికే. మిగతా ముగ్గురూ కొన్ని రోజులు కంటికి కునుకు లేకుండా గడపాలి.

ముంబయి బస్తీల్లో

మరి మన దేశం సంగతి? మన దగ్గర చాలామంది స్త్రీలు కణితి బాగా పెరిగాకే వైద్యుడి దగ్గరికి వస్తారు. యంత్రాలూ, నిపుణులూ చాలవు. పైగా పడమటి దేశాలతో పోలిస్తే ఇక్కడ చిన్న వయసువారిలోనే ఈ జబ్బు ఎక్కువగా కనిపిస్తుంది. చిన్న వయసులో రొమ్ము కణజాలం దట్టంగా ఉండటంవల్ల ఎక్స్‌రేలో కణితి మరుగున పడుతుంది.

అందుకే ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి 1998లో మరో దారి ఎంచుకుంది. 35 నుంచి 64 ఏళ్ల స్త్రీలు 1,51,538 మందిని బస్తీల వారీగా 20 గుంపులు చేసి, వాటిని రెండు వర్గాలుగా పంచారు. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఒక వర్గంలోని స్త్రీలను రెండేళ్లకోసారి చేతితోనే పరీక్షించారు. 2021లో ఫలితాలు వచ్చాయి. పరీక్షలు చేసిన వర్గంలో ముదిరిన దశ కాన్సర్లు తగ్గాయి. మొత్తం మీద మరణాలు 15 శాతం తగ్గినా, ఆ తేడా కాకతాళీయం కావచ్చునన్న అనుమానం తీరలేదు. 50 ఏళ్లు, ఆపైబడిన వారిలో మాత్రం తగ్గుదల దాదాపు 30 శాతం.

చేతి పరీక్ష ఎవరు చేసినా ఒకటే అనుకోకండి. చైనాలోని షాంఘైలో దాదాపు 2,66,000 మంది బట్టల మిల్లు కార్మికులతో జరిగిన ప్రయోగంలో, సగం మందికి తమ రొమ్ములను తామే పరీక్షించుకోవడం నేర్పారు. 2002లో తేలిన ఫలితం: నేర్పిన వర్గంలో 135 మరణాలు, నేర్పని వర్గంలో 131. ప్రమాదం లేని గడ్డలకు బయాప్సీలు మాత్రం పెరిగాయి. మన కేంద్ర ప్రభుత్వం 2016లో ఇచ్చిన మార్గదర్శకాలు 30 నుంచి 65 ఏళ్ల స్త్రీలకు అయిదేళ్లకోసారి శిక్షణ పొందినవారి చేతి పరీక్షను సూచించాయి. అమెరికాలో నిపుణుల సంఘం 2009లో మామూలుగా 50 ఏళ్ల నుంచి చాలన్నది, 2024లో 40 ఏళ్ల నుంచే రెండేళ్లకోసారి ఎక్స్‌రే తీయించుకోమన్నది. అదే శాస్త్రం, అవే ప్రయోగాలు. లాభనష్టాలను తూచే తక్కెడే దేశానికీ, కాలానికీ తగినట్లు మారుతోంది.

మీ ఇంట్లో ఈ ప్రస్తావన వచ్చినప్పుడు రెండు సంగతులు విడదీసి చెప్పండి. రొమ్ములో కొత్తగా గడ్డ తగిలినా, చర్మం సొట్టపడినా, చనుమొన లోపలికి లాగినా, రక్తం స్రవించినా అది స్క్రీనింగ్ విషయం కాదు. సిగ్గుపడి, భయపడి ఆలస్యం చేయకుండా వెంటనే వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. ఇందులో శాస్త్రజ్ఞులకు భిన్నాభిప్రాయం లేదు. ఏ లక్షణమూ లేని స్త్రీ పరీక్షకు వెళ్లాలా వద్దా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు ఆమె వయసును బట్టి, కుటుంబంలో ఈ జబ్బు ఉన్నదీ లేనిదీ బట్టి మారుతుంది. అప్పుడు అమ్మ గాని, పిన్ని గాని వైద్యుడిని రెండు ప్రశ్నలు అడగాలి: నా వయసులో ఉన్న వెయ్యిమంది ఈ పరీక్ష చేయించుకుంటే ఎంతమందికి మేలు? ఎంతమందికి కీడు? రెండు అంకెలూ విన్నాక నిర్ణయం ఆమెదే.