చలికి గట్టిపడే రబ్బరు

మదనపల్లెకు జనం వాతావరణం కోసం వచ్చిన కాలం ఒకటుంది. కడప కలెక్టరు డబ్ల్యూ.డి. హార్స్‌లీ ఎండలకు తాళలేక 1870 ప్రాంతంలో ఏనుగు మల్లమ్మ కొండ మీద బంగళా కట్టుకున్నాడు. కొండకు చివరికి ఆయన పేరే స్థిరపడింది. ఆరోగ్యవరంలో క్షయ శానిటోరియం 1915లో మొదలైనప్పుడు దాన్ని నడిపిన డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ డెన్మార్క్ మనిషి. చలిదేశం వాళ్లు ఇటు వచ్చిన ఆ దారిలోనే ఇప్పుడు మన పిల్లలు అటు వెళ్తున్నారు. మదనపల్లె, పుంగనూరు, కుప్పంలలో ఇంజనీరింగ్ ముగించినవాళ్లు ఆగస్టులో డెట్రాయిట్‌లోనో టొరంటోలోనో దిగుతారు. నలుగురు కలిసి ఓ పాత కరోలా కొంటారు. నవంబరులో తొలి మంచు పడగానే ఇంటికి ఫోన్ వస్తుంది, టైర్లు మార్చాలంట నాన్నా అని. “ఇంకా అరగలేదు కదరా, ఎందుకు మార్చడం?” అని ఇక్కడి నాన్న అడుగుతాడు.

న్యాయమైన ప్రశ్నే. జవాబు మాత్రం టైరు మీది గీతల్లో లేదు, రబ్బరులో ఉంది.

రబ్బరుకు చలి అంటే మొదటి నుంచీ పడదు. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో అమెరికాలో రబ్బరు బూట్లు, కోట్లు చేసి అమ్మిన వ్యాపారులు చాలామంది దివాలా తీశారు. ఆ సరుకు ఎండాకాలం బంకలా సాగేది, చలికాలం చెక్కలా బిగిసి పగిలేది. చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో రబ్బరును గంధకంతో కలిపి వేడి చేసి ఆ చిక్కు చాలావరకు విప్పాడు. 1845లో రాబర్ట్ థామ్సన్ గాలి టైరుకు పేటెంటు తీసుకున్నాడు. 1888లో బెల్‌ఫాస్ట్‌లో జాన్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం దాన్ని మళ్లీ కనిపెట్టాడు. ఇదంతా చాలామందికి తెలిసిన కథే.

అంతగా తెలియని కథ ఫిన్లాండ్‌ది. 1934లో అక్కడి సువోమెన్ గుమ్మితెహ్దాస్ అనే రబ్బరు కంపెనీ మంచులో నడిచే లారీల కోసం ప్రత్యేకంగా ఓ టైరు చేసింది. ప్రపంచంలో తొలి చలికాలం టైరు అదేనంటారు. రెండేళ్లకు, 1936లో, కార్ల కోసం హక్కపెలిత్తా వచ్చింది. ఆ పేరుతో టైర్లు ఇప్పటికీ అమ్ముతున్నారు. ఈ కంపెనీ 1967లో మరో రెండింటితో కలిసి నోకియా అయింది. మన ఊళ్లలో ప్రతి ఇంటా మోగిన ఫోన్ల నోకియా అదే. టైర్ల విభాగం 1988లో విడిపోయి సొంత దారి చూసుకుంది.

ఆ తొలి టైర్ల బలమంతా లోతైన గీతలు, పెద్ద దిమ్మెలే. మెత్తటి మంచును తవ్వుకుంటూ పోయేవి. గడ్డకట్టిన మంచు మీద అది చాలక 1961 నాటికి ఇనుప మేకులు దిగ్గొట్టిన హక్కపెలిత్తా కూడా వచ్చింది. అసలు మలుపు తిరిగింది మాత్రం 1990ల మొదట్లో, మిషెలిన్ కంపెనీ నల్లటి కార్బన్ పొడిలో చాలా భాగం తగ్గించి సిలికా కలపడం మొదలుపెట్టాక. సిలికా కలిసిన రబ్బరు చలిలోనూ మెత్తగా ఉంటుంది, తడి రోడ్డును వదలదు. కొత్త వింటర్ టైరును దగ్గరగా చూడండి. ఒక్కో దిమ్మె మీద బ్లేడుతో కోసినట్టు సన్నని గాట్లు వంకరటింకరగా ఉంటాయి. బొటనవేలితో నొక్కితే అవి విచ్చుకుంటాయి. రోడ్డు మీద చేసే పనీ అదే, విచ్చుకుని మంచును అంచులతో పట్టుకోవడం. రబ్బరు బిగిసిపోతే ఆ గాట్లు ఎన్ని ఉన్నా దండగ.

అందుకే టైరు తయారీదారులు 7 డిగ్రీల సెల్సియస్‌ను హద్దుగా చెబుతారు. అంతకన్నా చలి పెరిగితే మామూలు టైరు రబ్బరు గట్టిపడుతుంది. మంచు ఒక్క చుక్క లేకపోయినా బ్రేకు వేసినప్పుడు కారు మరింత దూరం పోయి ఆగుతుంది. డిసెంబరు తెల్లవారుజామున మదనపల్లెలో మనం స్వెట్టరు, మంకీ క్యాపు వేసుకుంటాం గానీ, సాధారణంగా ఆ చలి టైరుకు చలే కాదు. హార్స్‌లీ హిల్స్ ఘాట్ రోడ్డుకు కావలసింది లోతు తగ్గని గీతలు, సరైన గాలి. వింటర్ టైరు ఇక్కడి మే నెల తారు మీద నడిపితే చకచకా అరిగిపోవడమే కాదు, బ్రేకూ ఆలస్యంగా పడుతుంది.

సైజు దగ్గరకొస్తే పిల్లలు ఎక్కువగా తడబడతారు. డ్రైవరు తలుపు తీస్తే పక్క స్తంభం మీద ఓ స్టిక్కరు ఉంటుంది, మొదట అది చదవాలి. 205/55 ఆర్16 అని ఉందనుకుందాం. 205 వెడల్పు, మిల్లీమీటర్లలో. 55 అంటే టైరు పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో 55 శాతం. ఆర్ అంటే రేడియల్, 16 రిమ్ము అంగుళాల్లో. ఇదే కరోలాకు చాలా ఏళ్ల మోడళ్లలో 195/65 ఆర్15 కూడా కంపెనీయే ఇచ్చింది. లెక్క వేసి చూడండి. మొదటి చక్రం మొత్తం ఎత్తు సుమారు 632 మిల్లీమీటర్లు, రెండోది 634న్నర. తేడా మూడు మిల్లీమీటర్లు కూడా లేదు కాబట్టి స్పీడోమీటరు అబద్ధం చెప్పదు.

కంపెనీ ఒప్పుకున్న సైజుల్లో చలికాలానికి ఆ చిన్న రిమ్ము, సన్న టైరే తీసుకోమంటాను. సన్న టైరు మంచును కోసుకుని కిందకు దిగుతుంది, వెడల్పు టైరు పైకి తేలే ప్రమాదం ఎక్కువ. పక్క గోడ ఎత్తుగా ఉంటే గుంతల్లో రిమ్ము వంగే ప్రమాదం తక్కువ, ధరా తగ్గుతుంది. అయితే చిన్న రిమ్ము లోపల బ్రేకు కాలిపర్ పట్టాలి. అందుకే ఆ మోడలుకు, ఆ సంవత్సరానికి సరిపోతుందో లేదో అడిగి తీరాలి. సైజు తర్వాత వచ్చే అంకె బరువుది, అది స్టిక్కరు మీది అంకెకు తగ్గకూడదు.

డబ్బు మిగులుతుందని ముందు రెండే వేయించేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. ముందు చక్రాలు రోడ్డును పట్టుకుని వెనకవి జారితే మలుపులో కారు గిర్రున తిరిగిపోతుంది. నాలుగూ మార్చాలి. గాలి కూడా మరవకూడదు. ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు పడితే ఒక పీఎస్‌ఐ తగ్గుతుంది. 20 డిగ్రీలప్పుడు 33 కొట్టించిన టైరులో మైనస్ 10 దగ్గర 28కి మించి ఉండదు.

టైరు మీద ఎం ప్లస్ ఎస్ అని ఉంటే సరిపోతుందనుకోవడం మరో పొరపాటు. అది తయారీదారు తనంతట తాను వేసుకునే ముద్ర. మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచు రేకు ఉన్న బొమ్మ 1999లో వచ్చింది. మంచు మీద పరీక్ష నెగ్గితేనే అది వేయాలి. జర్మనీలో మంచు రోడ్డు మీదికి ఇప్పుడు ఆ బొమ్మ ఉన్న టైరే కావాలి. కెనడాలోని క్యుబెక్ రాష్ట్రంలో డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు వింటర్ టైర్లు లేకుండా కారు బయటకు తీయడమే నేరం.

ఈ చలిదేశాల సరుకుతో మన వైపుకూ బంధుత్వం ఉంది. చలికాలం టైర్లకు పేరున్న నెదర్లాండ్స్ కంపెనీ వ్రెడెస్టైన్‌ను 2009లో మన అపోలో టైర్స్ కొనేసింది. ఆ అపోలో 2018లో శంకుస్థాపన చేసి, 2020 జూన్‌లో తొలి టైరు బయటకు తెచ్చిన కర్మాగారం వరదయ్యపాళెం మండలం చిన్నపండూరులో ఉంది. ఇప్పుడది తిరుపతి జిల్లా గానీ, అప్పుడు మదనపల్లె, కుప్పంలతో పాటు చిత్తూరు జిల్లాయే.

పిల్లలు ఎక్కువమంది కొనేది సెకండ్‌హ్యాండ్ టైర్లే. అలా కొనేటప్పుడు పక్క గోడ మీద డాట్ అనే అక్షరాల వెంట వచ్చే చివరి నాలుగు అంకెలు వెతకాలి. 3619 అని ఉంటే 2019లో 36వ వారం తయారైందని. గీతల లోతు 4 మిల్లీమీటర్లకు తగ్గితే మంచులో పనికిరాదు. లోతు ఎంతున్నా ఆరేళ్లు దాటిన రబ్బరులో మెత్తదనం పోయి ఉంటుంది, ఎంత చౌకగా ఇచ్చినా వద్దనండి.